మలేసియాలో వినబడిన నాదస్వరం

శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ మారియానో (1923–2009) ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా రెండు పేర్లు ముందుకొస్తాయి: 1950లలో ఆయన వాయించిన స్టాన్ కెంటన్ బృందం, 1963లో వెలువడిన చార్లెస్ మింగస్ ఆల్బమ్ ‘ది బ్లాక్ సెయింట్ అండ్ ది సిన్నర్ లేడీ.’ ఈ రెంటి తరువాతి ఆయన ప్రయాణం మలుపు తిరిగింది మలేసియాలో. ఆ సంగతికి మాత్రం జీవిత సంగ్రహాలలో ఒక వాక్యానికి మించి చోటు దక్కదు.

బోస్టన్‌లో పుట్టి, అక్కడి బర్క్‌లీ కళాశాలలో పాఠాలు చెప్పిన మారియానో, 1960ల ద్వితీయార్ధంలో రేడియో మలేసియా ఆర్కెస్ట్రాతో పనిచేయడానికి వెళ్ళాడు. నేర్పడానికి వెళ్ళినవాడు అక్కడ నేర్చుకోవలసిన వాద్యమొకటి విన్నాడు. అది నాదస్వరం, దక్షిణ భారతం నుంచి వలసవెళ్ళిన కుటుంబాలతో పాటు, వారి గుళ్ళతో, పెళ్ళిళ్ళతో పాటు సముద్రం దాటిన వాద్యం. తరువాత 1970లలో ఆయన తమిళనాడు వచ్చి దానిని అభ్యసించాడు.

ఆ ఆకర్షణ వింతేమీ కాదు. రెండు వాద్యాల గొట్టాలూ పోనుపోను వెడల్పయ్యేవే. శాక్సఫోన్‌కు ఒంటి రీడ్, మీటలు ఉంటాయి. నాదస్వరానికి జంట రెల్లు పీక, వేళ్ళతో మూసే ఏడు రంధ్రాలు. శాక్సఫోన్‌లోనూ పెదవితో స్వరాన్ని వంచవచ్చు గాని, మీటలు స్వరస్థానాలను చాలావరకు ముందే ఖాయం చేసి ఉంచుతాయి. నాదస్వరంలో గమకమంతా వేలు, పెదవి, ఊపిరి కలిసి పుట్టించవలసిందే.

ఆ సాధన ఫలితాలు వినాలంటే మారియానో పేరుతో వెతికితే చాలదు. జర్మన్ రాక్ బృందం ఎంబ్రియో 1973లో విడుదల చేసిన ‘వి కీప్ ఆన్’లో ఆయన నాదస్వరం ఉంది. బాస్ వాద్యకారుడు ఎబర్‌హార్డ్ వెబర్ 1975లో రికార్డు చేసిన ‘యెల్లో ఫీల్డ్స్’లో నాదస్వరంతో పాటు షెహనాయి కూడా వాయించాడు. ఒకటి రాక్ అరలో, మరొకటి వెబర్ పేరు కింద ఉండడంతో శాక్సఫోన్ అభిమానుల దృష్టి వాటిపై పడడం కష్టం.

మూడవది ‘జ్యోతి’ (1983). బెంగళూరుకు చెందిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ బృందంతో చేసినది: ఆర్. ఎ. రమామణి గాత్రం, టి. ఎ. ఎస్. మణి మృదంగం, వెంట ఘటం, కంజీర, మోర్సింగ్, కొన్నక్కోలు. విచిత్రమేమంటే ఇందులో నాదస్వరం లేనే లేదు. మారియానో శాక్సఫోన్, ఫ్లూటు మాత్రమే పట్టాడు. అయినా మూడింటిలో దీనికే పెద్దపీట వేయాలి. వాద్యాన్ని పక్కనపెట్టి, దాని నుంచి నేర్చినదానితో మాట్లాడడం ఇక్కడ వినిపిస్తుంది.

పియానో త్రయాలను ఇష్టపడేవారు ముందుగా 1960 నాటి ‘తోషికో మారియానో క్వార్టెట్’ వినడం మేలు. అప్పటి ఆయన భార్య తోషికో అకియోషి పియానో, జీన్ చెరికో బాస్, ఎడ్డీ మార్షల్ డ్రమ్స్. ఆ త్రయం మీద మారియానో ఆల్టో. అక్కడ పియానో తీగల కలయికలు మారినప్పుడల్లా శాక్సఫోన్ దారి మార్చుకోవాలి. ‘జ్యోతి’లో పియానో లేదు, కదలని తంబుర శ్రుతి ఉంది. మారవలసింది స్వరమే.

ఈ దారిలోనే ఎదురుగా వచ్చినవాడు కద్రి గోపాల్‌నాథ్ (1949–2019). నాదస్వర విద్వాంసుని కుమారుడై పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో విన్న శాక్సఫోన్‌ను కర్ణాటక కచేరీకి తెచ్చాడు. ఆయన కచేరీలు మన సభలకు సుపరిచితం. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా నాదస్వరం విన్న తెలుగు శ్రోతకు ‘యెల్లో ఫీల్డ్స్’లోని ఆ ధ్వని ఎవరూ చెప్పకుండానే గుర్తుకు అందుతుంది.