చిత్తూరుసీమ జనసంఖ్య

ఒక ఇంటిలో ఎందరున్నారో చెప్పుట కష్టము కాదు. ఒక ఊరిలో ఎందరున్నారో చెప్పవలెనన్న కొంత శ్రమ పడవలెను. తిరుమలకొండమీద ఎందరున్నారని అడిగినచో ఎంత తెలిసినవాడైనను ఒక క్షణము ఆగవలసినదే. 2011వ సంవత్సరపు జనగణన ప్రకారము కొండమీద స్థిరముగ నివసించువారు ఎనిమిదివేలకు లోపే. కాని స్వామిదర్శనమునకు వచ్చు యాత్రికులు సామాన్యదినములందే అరువదివేలకు తగ్గరు. పర్వదినములలో ఇంకను పెరుగుదురు. వీరందరకు త్రాగునీరు కావలెను. తలదాచుకొనుటకు చోటు కావలెను. గోగర్భము, పాపవినాశనము, కుమారధార పసుపుధారల జలాశయములు ఈ అవసరముకొరకే వెలసినవి. అయినను జనసంఖ్యా పట్టికలో ఈ యాత్రికుల జాడ కానరాదు. పట్టిక తప్పని దీనికర్థము కాదు. లెక్కించు పద్ధతియే అట్టిది.

మదరాసు రాజధానిలో 1871లో జనులను లెక్కించిరి. 1881 మొదలు దేశమంతట పదేండ్లకొకమారు ఈ కార్యము సాగుచు వచ్చినది. 1931 వరకు లెక్క అంతయు ఒకే రాత్రి ముగించెడివారు. ఆ రాత్రి ఎవడెక్కడ నుండిన వానినక్కడనే వ్రాసికొనెడివారు. సత్రములో పరుండినవాడు సత్రపు ఊరి లెక్కలోనికిని, రైలులో నున్నవాడు రైలు లెక్కలోనికిని పోయెడివారు. అందువలన జాతరలు, తీర్థములు, పెండ్లి ముహూర్తములు లేని రాత్రిని, వెన్నెల గల రాత్రిని వెదకి నిర్ణయించెడివారు. తిరుపతివంటి క్షేత్రమున బ్రహ్మోత్సవములనాడు లెక్కించియున్నచో ఆ ఊరు ఒక్క రాత్రిలో మహానగరమై యుండెడిది గదా!

1941 నుండి ఈ ఏకరాత్రపద్ధతి విడువబడినది. 2011లో ఫిబ్రవరి 9 మొదలు 28వ తేదివరకు ఇరువది దినములు గణకులు ఇల్లిల్లు తిరిగిరి. ఈ గణకులలో పలువురు ఉపాధ్యాయులే. ఎవరు ఎక్కడ సాధారణముగ నివసింతురో అక్కడనే వారిని వ్రాసికొనిరి. పలమనేరు చెంత ఒక పల్లెలోని కుటుంబము నూహింపుడు. ఇంటి యజమాని నాలుగు దినములు తిరుపతియాత్రకు పోయియున్నను పల్లె లెక్కలోనివాడే. అతని పెద్దకుమారుడు బెంగుళూరిలో ఉద్యోగము చేయుచు అక్కడనే కాపురమున్నచో అతడు కర్ణాటకపు లెక్కలో చేరును. "నా కొడుకును వ్రాయవా అయ్యా?" అని తల్లి యెంత యడిగినను గణకుడు వ్రాయరాదు. వ్రాసినచో ఒకే మనిషి రెండుచోట్ల ఇద్దరగును. ఆ ఇరువది దినములును ఇల్లు విడిచి తిరుగువానిని మాత్రము ఎక్కడ కనబడిన నక్కడ వ్రాసికొందురు. ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి వీథులలో, రైలునిలయములలో, గుడిమెట్లకడ వెదకి లెక్కించిరి. కావున ఆనాడు తిరుపతిలో సత్రపు గదిలో నిద్రించిన యాత్రికుడు తిరుపతి లెక్కలో లేడు. ఆ సత్రపు అరుగుమీద తలదాచుకొన్న నిరుపేద ఉన్నాడు.

ఈ విధముగ తేలిన లెక్క ప్రకారము 2011లో చిత్తూరు జిల్లా జనసంఖ్య 41,74,064. జిల్లా వైశాల్యము సుమారు 15,150 చదరపు కిలోమీటరులు. జనసంఖ్యను వైశాల్యముచే భాగించిన చదరపు కిలోమీటరునకు 275 మంది వత్తురు. దీనినే జనసాంద్రత యందురు. అప్పటికి దేశమంతటికి ఇది 382. కాని సగటు అనునది కొన్నిమారులు కన్నును మోసగించును. శేషాచలపు అడవులలో కిలోమీటర్లు నడచినను మనిషి కానరాడు. తిరుపతి నగరమునందో, చదరపు కిలోమీటరునకు పదివేలకు మించి జనులున్నారు. ఈ రెండింటిని కలిపిన లెక్కయే 275.

జనులు నీటివెంట నడతురు. స్వర్ణముఖి పరీవాహకమున చంద్రగిరి మొదలు శ్రీకాళహస్తివరకు ఊళ్లు ఒకదాని నొకటి ఒరసికొని యున్నవి. పడమట మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ప్రాంతములు మైసూరు పీఠభూమికి కొనసాగింపు. అక్కడ జీవనది లేదు. చెరువులు, బావులే ఆధారము. వాన కురిసిన యేడు వేరుసెనగ, చెరకు, టమాట పండును. కురియని యేడు యువకులు బెంగుళూరు బస్సెక్కుదురు. తూర్పుననున్నవారికి మదరాసు దగ్గర. రెండు మహానగరముల నడుమ నుండుట ఈ జిల్లాకు మేలో కీడో చెప్పుట కష్టము. పాలు, మామిడి, బెల్లము పోవు త్రోవనే బిడ్డలును పోవుచున్నారు.

పూర్వము జనసంఖ్య నిట్లు తగ్గించినది వలస కాదు, మృత్యువు. 1876-78 నాటి ధాతకరువు రాయలసీమ జిల్లాలలో లక్షలమందిని పొట్టన పెట్టుకొన్నది. 1881 లెక్కలలో ఆ ప్రాంతమున జనసంఖ్య పెరుగుటకు మారుగా తగ్గినది. 1918లో వచ్చిన విషజ్వరము దేశమంతట వ్యాపింపగా, 1921 నాటి భారతదేశ జనసంఖ్య 1911 నాటికంటె కొంచెము తగ్గినది. పిదప వైద్యము వ్యాపించినది, మశూచి రూపుమాసినది, ధాన్యము కరవు ప్రాంతములకు సకాలమున చేరసాగినది. మరణములు తగ్గెను, జననములు వెంటనే తగ్గలేదు. ఆ ఎడములోనే జనసంఖ్య ఉబికినది. చిత్తూరు జిల్లాలో 1971లో సుమారు 23 లక్షలున్న జనులు 1991 నాటికి 32 లక్షలు దాటిరి. 1981-91 దశాబ్దమున వృద్ధి నూటికి 19. మరుదశాబ్దమున 15. ఆ తరువాత 11. జనులు పెరుగుచునే యున్నారు. పెరుగు వేగము తగ్గుచున్నది.

లెక్క యనగా తలలు మాత్రమే కాదు. గణకుడు మాతృభాషను గూడ అడుగును. ఈ ప్రశ్న ఎంత బలమైనదో ఎరుగవలెనన్న ఈ జిల్లా చరిత్రను చూడవలెను. 1911 మార్చి 10వ తేది రాత్రి జనగణన జరిగినది. మూడువారములకు, ఏప్రిల్ 1న, చిత్తూరు జిల్లా పుట్టినది. ఉత్తరఆర్కాటునుండి కొన్ని తాలూకాలను, కడపనుండి మదనపల్లె, వాయల్పాడులను, కొన్ని జమీందారీ ప్రాంతములను చేర్చి దీనిని కూర్చిరి. అందువలన తెలుగువారితోపాటు తమిళులు, ఉర్దూ మాటలాడువారు, కుప్పము వైపున కన్నడిగులును ఇందు కలరు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఎల్లలపై వివాదము చెలరేగినది. చిత్తూరు, తిరుత్తని మాకే చెందవలెనని ఇరువైపులవారును ఉద్యమించిరి. తుదకు పటాస్కర్ సూత్రము ననుసరించి గ్రామమును ప్రమాణముగ గైకొని, అందు ఏ భాషవారధికులో చూచి, గ్రామములు ఒకదానినొకటి ఆనుకొనియుండుటను గమనించి ఎల్లను దిద్దిరి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తని తాలూకాలో అధికభాగము మదరాసురాష్ట్రమున కలిసినది. సత్యవేడు ప్రాంతము చిత్తూరు జిల్లాకు వచ్చినది. కాగితముపై ఒక గడిలో "తెలుగు" అనియో "తమిళము" అనియో వ్రాయించిన మాట ఊళ్లను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు చేర్చినది. ఏ ఊరును తన నేలనుండి కదలలేదు. రెండు భాషలును వచ్చిన ఇండ్లలో గణకునికి ఏమి చెప్పవలెనను చర్చ ఎంత జరిగియుండునో!

ఇక స్త్రీపురుషుల సంగతి. 2001లో జిల్లాలో వేయిమంది పురుషులకు 982 మంది స్త్రీలుండగా 2011లో 997 మంది యున్నారు. ఇది సంతసింపదగినదే. కాని ఆరేండ్లలోపు శిశువులను వేరుగ లెక్కించినచో సంతోషము నిలువదు. ఆనాటి ఆంధ్రప్రదేశమున వేయిమంది మగశిశువులకు ఆడశిశువులు 2001లో 961 మంది, 2011లో 939 మంది. చిత్తూరు జిల్లాయును ఈ తగ్గుదలను తప్పించుకొనలేదు. గర్భస్థశిశువు ఆడదని తెలిసికొని నశింపజేయుట దీనికొక కారణము. అట్టి పరీక్షలను చట్టము 1994లోనే నిషేధించినది. పెద్దల లెక్కలో దాగిన పాపము పిల్లల లెక్కలో బయటపడినది. చదువునందును ఎడము కలదు: 2011లో ఏడేండ్లు దాటిన పురుషులలో నూటికి దాదాపు 80 మంది అక్షరాస్యులు కాగా స్త్రీలలో 63 మంది మాత్రమే.

నేటి చింత మరియొకటి. 1994 నాటి పంచాయతిరాజ్ చట్టము ఇద్దరికి మించి సంతానము గలవారిని స్థానికసంస్థల ఎన్నికలకు అనర్హులను చేసినది. జనులు మితిమీరి పెరుగుదురని ఆనాటి భయము. ముప్పదియేండ్లకు, 2024లో, రాష్ట్రశాసనసభ ఆ నిబంధనను తొలగించినది. దంపతులకు సగటున ఇద్దరుకూడ పుట్టుట లేదనియు, ముందుముందు వృద్ధులే మిగులుదురనియు ఇప్పటి భయము. మంచి పరిపాలకునికైనను ఒకే తరములో రెండు విపరీతభయములు కలుగుట వింతయే.

2022 ఏప్రిల్ 4న పాతజిల్లా మూడుగా చీలినది. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడులు నెల్లూరు జిల్లాలోని కొన్ని ప్రాంతములతో కలిసి తిరుపతి జిల్లా యైనవి. మదనపల్లె, పీలేరులు అన్నమయ్య జిల్లాకు పోయినవి. 2011 లెక్కలనే పంచి చూచినచో తిరుపతి జిల్లాకు సుమారు 22 లక్షలును, మిగిలిన చిత్తూరు జిల్లాకు సుమారు 19 లక్షలును వచ్చినవి. పాతలెక్కలను పంచుకొనుట తప్ప వేరు దారి లేకపోయినది. ఏలయన 2021లో జరుగవలసిన జనగణన మహమ్మారి కారణమున ఆగిపోయినది. 2027 మార్చి 1వ తేదిని ప్రమాణముగ గైకొని దానిని జరుపుటకు 2025 జూన్ నెలలో ప్రకటన వెలువడినది. 2011 మార్చి తరువాత తిరుపతి, చిత్తూరు జిల్లాలలో పుట్టి, నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలబాలికల పేర్లు ఆ లెక్కలోనే మొదటిసారిగ చేరును.