అలసటను లెక్కకట్టిన శాస్త్రజ్ఞుడు

ఎక్కువ గంటలు పనిచేసినచో ఎక్కువ సరకు తయారగునని సామాన్యముగ అందరును తలంతురు. యంత్రముల విషయమున ఈ లెక్క కొంతవరకు సరియే. మనుష్యుని విషయమున ఇది ఎచ్చట తప్పిపోవునో ఓపికతో పరిశీలించి అంకెలతో చూపిన తొలివారిలో హొరేస్ మిడిల్టన్ వెర్నన్ ముఖ్యుడు.

వెర్నన్ ఆక్స్‌ఫర్డునందలి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. జీవకణములలోని ఎంజైములను గూర్చి 1908లో ఆయన ఒక గ్రంథమును ప్రకటించెను. కర్మాగారములతో ఆ విషయమునకు సంబంధమే లేదు. ఆయనను ప్రయోగశాలనుండి కర్మాగారములకు రప్పించినది మొదటి ప్రపంచయుద్ధము. బ్రిటనులో ఫిరంగి గుండ్ల కొరత యేర్పడగా, ఆదివారము సెలవు కూడ లేక దినమునకు పన్నెండేసి గంటలు స్త్రీపురుషులచే పని చేయించుచుండిరి. కార్మికుల ఆరోగ్యము చెడుచున్నదను ఆందోళనతో ప్రభుత్వము 1915లో ఒక సంఘమును నియమించెను. వెర్నన్ దాని పక్షమున పరిశోధనకు పూనుకొనెను.

ఆయన అవలంబించిన పద్ధతి మిక్కిలి సులభమైనది. అలసట కంటికి కనబడునది కాదు, ‘అలసితివా?’ యని అడిగినచో కార్మికుడు భయముచేతనో, అభిమానముచేతనో నిజము చెప్పకపోవచ్చును. కావున ఆయన కర్మాగారపు లెక్కల పుస్తకములనే తిరుగవేసెను. ఎన్ని గంటలు పనిచేసిరి, ఎన్ని వస్తువులు తయారయ్యెను, ఎన్ని గాయములకు కట్లు కట్టిరి అను వివరములను వారము వారము పోల్చి చూచెను. 1916లో వెలువడిన ఆయన నివేదిక పెక్కుమందికి ఆశ్చర్యము గలిగించెను. గుండ్లకు అమర్చు ఫ్యూజుల భాగములను లేతు యంత్రములపై చెక్కు స్త్రీలకు పనిగంటలు తగ్గింపబడగా, గంట కొక్కింటికి పని పెరుగుటయే గాక, వారమునకు తయారగు మొత్తము సరకు సైతము హెచ్చెను.

అయితే ఈ మార్పు మరునాడే రాలేదు. దేహము క్రొత్త వేళలకు అలవాటుపడుటకు కొన్ని వారములు, ఒక్కొక్కచో కొన్ని నెలలు పట్టినవి. దీనినే గూర్చి వెర్నన్ 1920లో ప్రత్యేకముగ ఒక నివేదిక వ్రాసెను. గంటలు తగ్గించి, పదునైదు దినములు చూచి, ‘లాభము లేదు’ అని మరల పెంచు యజమానులు గమనింపవలసిన విషయమిది.

ప్రమాదముల లెక్క మరింత స్పష్టమైనది. ఒక ఫ్యూజుల కర్మాగారమున పన్నెండు గంటల దినము అమలులో నుండగా స్త్రీలకు కలిగిన ప్రమాదములు, అది పది గంటలకు తగ్గిన పిమ్మట కలిగినవానికి రెండున్నర రెట్లు. ఉష్ణోగ్రతయు లెక్కలోనికి వచ్చెను: సుమారు 67 ఫారన్‌హైట్ డిగ్రీలవద్ద గాయములు అత్యల్పము, చలి హెచ్చినను, వేడి హెచ్చినను అవి పెరిగెను. శీతల దేశపు ఈ అంకెను మన దేశమునకు ఉన్నదున్నట్లు అన్వయింపరాదు.

యుద్ధానంతరము పారిశ్రామిక అలసటను పరిశోధించు మండలి యేర్పడగా, దాని మొదటి నివేదికను 1919లో వ్రాసినవాడు వెర్ననే. అది తగరపు రేకుల పరిశ్రమను గూర్చినది. ఇనుము, ఉక్కు పరిశ్రమను గూర్చిన నివేదిక 1920లో, ‘పారిశ్రామిక అలసట, సామర్థ్యము’ అను గ్రంథము 1921లో, ప్రమాదముల నివారణను గూర్చిన గ్రంథము 1936లో వెలువడినవి. నడుమ విశ్రాంతి విరామములను, బొగ్గుగనులలోని గైరుహాజరును గూర్చి సహచరులతో కలసి వ్రాసినవి వేరు.

తగరపు రేకుల నివేదికయందు ఒక చిక్కు కలదు. ఎనిమిది గంటల వంతుకంటె ఆరు గంటల వంతులో గంట కొక్కింటికి పని సుమారు పదవ వంతు పెరిగెను. కాని పనిగంటలు నాలుగవ వంతు తగ్గినందున ఒక్కొక్కని మొత్తము ఉత్పత్తి తగ్గెను. అనగా గంటలు తగ్గించిన ప్రతిచోట యజమానికి లాభము కలుగునని చెప్పరాదు. అట్టిచోట విశ్రాంతిని కోరుటకు ఆరోగ్యమే ఆధారము కావలెను. ఆ ఆధారము కొరవడలేదు. వారమునకు 55 గంటలు గాని, అంతకు మించి గాని పనిచేయుటవలన కలిగిన గుండెజబ్బు, పక్షవాతములచే 2016లో ప్రపంచమున సుమారు 7,45,000 మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేసినవి. వెర్నన్ నాటి లెక్కలనే 2014లో జాన్ పెన్కావెల్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు మరల పరిశీలించి, సుమారు 49 గంటలు దాటిన పిమ్మట అదనపు గంటల ఫలితము క్షీణించెననియు, 70 గంటల వారమున తయారైనది 56 గంటల వారమున తయారైనదానికంటె ఏమంత ఎక్కువ కాదనియు చూపెను.

1919లో వాషింగ్టను సమావేశము పరిశ్రమలకు వారమునకు 48 గంటలను నిర్ణయించినప్పుడు, భారతదేశమునకు మాత్రము 60 గంటలు అనుమతింపబడెను. ఆ 60 గంటలు 1922లో చట్టమయ్యెను. 1934లో ఏడాది పొడవున నడచు కర్మాగారములకు 54కు, 1946లో 48కి తగ్గెను. 1948 ఫ్యాక్టరీల చట్టము ఆ 48 గంటలనే నిలిపెను. లారీ నడపువారు, ఇండ్లలో పనిచేయు స్త్రీలు, ఇంటిపట్టున బీడీలు చుట్టువారు ఆ చట్టపు గడియారమునకు వెలుపలనే యుండిరి. అట్టివారికి వెర్నన్ పద్ధతి పనికివచ్చును. పని మొదలిడిన వేళ, విడిచిన వేళ, నిద్రించిన గంటలు, తగిలిన దెబ్బలు, పనికి పోలేని దినములు ఒక నోటుపుస్తకములో నెలదినములు వ్రాసి యుంచుకొని, వైద్యుని వద్దకు పోవునపుడు దానిని చూపవచ్చును.