మీకు తెలుసా? కొండను కొట్టేయకపోతేనే లాభం

1999లో వచ్చిన ‘రోలర్‌కోస్టర్ టైకూన్’ ఆటను స్కాట్లాండ్‌కు చెందిన క్రిస్ సాయర్ దాదాపు మొత్తం అసెంబ్లీ భాషలోనే రాశారు. అందులో పార్కు అందం ఉత్త అలంకారం కాదు, లెక్కలోకి వస్తుంది. ప్రతి రైడ్‌కూ ఉత్సాహం, తీవ్రత, వికారం అని మూడు కొలతలు. పట్టాలు సొరంగంలోకి దూరినా, నీటి మీదుగా సాగినా, పక్కన చెట్లున్నా ఉత్సాహం పెరుగుతుంది. కొన్ని పార్కుల్లోనైతే చెట్టు కొట్టడానికి అనుమతే ఉండదు.

ఆటలో నేలంతా చదును చేసి పార్కును గళ్లు గీసినట్టు కట్టేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం కొండవాలే ముద్దు. పడమటి కనుమల అంచున, సంజీవి కొండను రోజూ చూస్తూ పెరిగే తమిళనాడులోని రాజపాళయం తెలుగువాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఊరంటేనే వాళ్లకు వెనకాల ఓ కొండ ఉండాలి.

మళ్లీ ఆటలోకి వస్తే, పార్కులో బల్లల సంగతి మరవొద్దు. రైడ్ దిగినవాళ్ల ముఖాలు పచ్చబడతాయి. దారిలో బల్ల కనిపిస్తే కూర్చుని తేరుకుంటారు. లేదంటే అక్కడే వాంతి! చీపురు పట్టుకుని పనివాడు వచ్చేదాకా ఆ మరక దారి మీదే ఉంటుంది.