మన పంట లెక్క.. ఎవరి చేతిలో?

మరిపెడ మిర్చి రైతు వివరాలు ఇప్పుడు ఊరు దాటి వెళ్తున్నాయి. పంచుకుంటే మేలే. అయితే ఎవరికి, ఎందుకు, ఎంతకాలం అన్నది తేల్చాల్సింది ఎవరు?

2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు ఉప్పొంగి తెలంగాణలోని మరిపెడ మండలాన్ని ముంచెత్తింది. సీతారాం తండాలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. చేలు కొట్టుకుపోయాయి. ఆ మర్నాడే ఢిల్లీలో కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయల డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 11 కోట్ల మంది రైతులకు డిజిటల్ గుర్తింపు ఇవ్వాలన్నది అందులో ఒక లక్ష్యం.

ఈ రెండింటికీ ముడి ఉంది. వరద తగ్గాక పరిహారం జాబితా రాయాలంటే ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో, దాన్ని సాగు చేస్తున్నది ఎవరో తెలియాలి. ఆ లెక్క సరిగ్గా ఉంటే సాయం తొందరగా చేరుతుంది. అదే లెక్క తెలియకూడని వాళ్ల చేతిలో పడితే రైతుకే ఎదురు తిరుగుతుంది. పంట సమాచారం పంచుకోవాల్సిందే. దాని మీద అదుపు మాత్రం సాగు చేసేవాళ్ల దగ్గరే ఉండాలి.

పక్క జిల్లాలో పండిన ప్రయోగం

మరిపెడ బంగ్లా మీదుగా వెళ్లే రోడ్డు ఒకవైపు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు, ఇంకోవైపు ఖమ్మం మార్కెట్‌కు దారి. 2021–22లో ఈ ప్రాంతపు మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడింది. పూత రాలింది, కాయ నిలవలేదు. అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి మట్టిలో కలిసింది. పురుగు ముందు ఏ ఊళ్లో కనిపించింది, ఏ మందుకు లొంగలేదు అన్న ఆనవాళ్లు రైతుల ఫోన్లలో ఫొటోలుగా, ఎరువుల దుకాణాల్లో బిల్లులుగా చెల్లాచెదురుగా ఉన్నాయి. అవన్నీ ఒకచోట చేరితే పక్క ఊరికి ముందే హెచ్చరిక అందుతుంది. సమాచారం కలిస్తే వచ్చే బలం అదే.

ఆ బలం ఎంతో ఖమ్మం జిల్లాలో కొంత తెలిసింది. ప్రపంచ ఆర్థిక వేదికతో కలిసి తెలంగాణ ప్రభుత్వం 'సాగు బాగు' పేరుతో 7,000 మంది మిర్చి రైతులతో ప్రయోగం చేసింది. భూసార పరీక్షలు, ఫోన్లో సలహాలు, యంత్రంతో కాయ నాణ్యత లెక్కింపు, కొనేవాళ్లతో కలిపే వేదిక అందులో భాగాలు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గాయని, ధర 8 శాతం మెరుగైందని నిర్వాహకులు ప్రకటించారు.

తూము తీసేది ఎవరు?

2023 ఆగస్టు 11న తెలంగాణ మరో అడుగు వేసింది. ప్రపంచ ఆర్థిక వేదిక, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలతో కలిసి 'అడెక్స్' అనే వ్యవసాయ డేటా ఎక్స్ఛేంజ్‌ను హైదరాబాద్‌లో ఆరంభించింది. దానితోపాటే వ్యవసాయ సమాచార నిర్వహణ నియమావళినీ విడుదల చేసింది. ఇదే ఖమ్మం జిల్లాను తొలి ప్రయోగానికి ఎంచుకుంది.

దీని పనితీరు మన చెరువు కింది ఆయకట్టులా ఉంటుంది. భూసార ఫలితాలు ఒక శాఖ దగ్గర, వాన లెక్కలు ఇంకో సంస్థ దగ్గర, రుణాల వివరాలు బ్యాంకు దగ్గర ఎక్కడివక్కడే ఉంటాయి. అడిగినవాళ్లకు తూము తీసి, అవసరమైన మేరకే వదలాలి. అందరికీ పనికొచ్చే వాతావరణం, భూసారం లెక్కలు బాహాటంగా ఇవ్వొచ్చు. రైతు పేరుతో, పొలంతో ముడిపడినవి మాత్రం రైతు ఒప్పుకుంటేనే కదలాలి. ఒకరి కోసం సేకరించిన లెక్క పదిమందికి పనికిరావాలి, లెక్కల మూట మాత్రం ఏ ఒక్కరి పరమూ కాకూడదు. ఈ ఏర్పాటు వెనకున్న ఆలోచన ఇంతే.

జెండా పాటకు ముందే తెలిసిపోతే..

రైతు ఒప్పుదల అంత ముఖ్యమా? మార్కెట్ యార్డులో వేలం ధర పలికే జెండా పాట గురించి తెలిసినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. మిర్చి రైతు బేరానికి నిలబడేది కొన్ని గుట్టుల మీదే. కోల్డ్ స్టోరేజీలో తన బస్తాలు ఎన్ని, అప్పు గడువు ఎప్పుడు, ఇంకెన్నాళ్లు ఆగగలడు అన్నవి ఎదుటివాడికి తెలియకపోవడమే అతని బలం. దిగుబడి అంచనా, నిల్వ, అప్పు తేదీ మూడూ కొనేవాడి తెరమీద ఒకేసారి కనిపిస్తే, రైతు బస్తా దించకముందే బేరం ముగిసినట్టే.

పేర్లు తీసేసి ఇస్తున్నాం కదా అంటారు. ఒక తండాలో ఒక్కరే ఆయిల్‌పామ్ వేస్తే, పేరు లేకపోయినా ఆ తోట ఎవరిదో అందరికీ తెలుసు. ఊరు చిన్నదైతే పేరు చెరిపేసినంత మాత్రాన మనిషి దాగడు. అందుకే ఎంత పెద్ద ప్రాంతానికి కలిపి లెక్క ఇవ్వాలన్నదీ నియమంగా ఉండాలి.

లెక్క పట్టుకున్నవాడిదే పెత్తనం అన్నది తెలంగాణ పల్లెకు అనుభవం. పట్వారీ పహాణీలో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తే బతుకులు తారుమారైన రోజులున్నాయి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. భూరికార్డుల పోర్టళ్లుగా 2020 అక్టోబర్‌లో ధరణి, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాయి. పుస్తకం కంప్యూటర్లోకి మారింది. తన గురించి ఏం రాశారో చూసుకునే, తప్పుంటే దిద్దించుకునే హక్కు రైతుకు సులువుగా దక్కితేనే ఆ మార్పు పూర్తవుతుంది.

పాసుబుక్కు లేని సాగుదారు

ఇందులో అన్నిటికన్నా బరువైన ప్రశ్న: పంట సమాచారానికి యజమాని ఎవరు? 2025 మే నెలలో తెలంగాణలో ఫార్మర్ రిజిస్ట్రీ మొదలైంది. ఆధార్, పట్టాదారు పాసుబుక్కు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఆధారంగా 11 అంకెల సంఖ్య ఇస్తున్నారు. అంటే పట్టా ఉన్నవారే లెక్కలో రైతు. మరి దున్నింది, నాటింది, మందు కొట్టింది కౌలుదారైతే? రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన అధ్యయనంలో మూడింట ఒక వంతుకు పైగా రైతులు కౌలుదారులని తేలింది. ధరణి వచ్చాక పహాణీలో అనుభవదారు కాలమ్ కనిపించకుండా పోయింది. అధీకృత సాగుదారుల చట్టం 2011 నుంచీ ఉన్నా అమలు అంతంత మాత్రమే.

ఫలితం చూడండి. చెమట కౌలుదారుది, సంఖ్య పట్టాదారుది, ఓటీపీ వచ్చే ఫోన్ ఒక్కోసారి హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది. మిరప ఏరే ఆడకూతుళ్ల పేరు ఏ లెక్కలోనూ ఉండదు. పట్టాదారు ఒప్పుకుంటే చాలనుకుంటే, అసలు సాగుదారు వివరాలు వారి ప్రమేయం లేకుండానే పంపిణీ అవుతాయి, పరిహారం మాత్రం వారికి రాదు. భూమి వివరాలపై పట్టాదారు మాట, పంట వివరాలపై సాగుదారు మాట చెల్లేలా నమోదు ఉండాలి.

చట్టం ఇచ్చిన హక్కులు

అడెక్స్ ఆరంభమైన రోజునే డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. సమాచారం ఎందుకో చెప్పే నోటీసును తెలుగులో పొందే వీలు ఉండాలని, ఒప్పుకున్నంత సులువుగా ఆ ఒప్పుదలను వెనక్కి తీసుకునే వీలూ ఉండాలని చట్టం చెబుతోంది. ఉల్లంఘనకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే సబ్సిడీలు, ప్రయోజనాలు అందించే పనికి కొన్ని సందర్భాల్లో మళ్లీ ఒప్పుదల అడగకుండానే ప్రభుత్వం సమాచారం వాడుకునే వీలు 7వ సెక్షన్ ఇస్తోంది. పల్లెల్లో సమాచారం ఎక్కువగా సేకరించేది ప్రభుత్వమే కాబట్టి ఇది చిన్న మినహాయింపు కాదు.

అదుపు రైతు చేతికే ఇచ్చే దారీ ఉంది. నెదర్లాండ్స్‌లో సహకార పద్ధతిలో నడిచే 'జాయిన్‌డేటా' ద్వారా రైతు తన లెక్క ఎవరికి వెళ్లాలో తానే అనుమతిస్తాడు, వద్దనుకుంటే ఆపేస్తాడు. పాల సంఘాలు, మహిళా సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఉన్న మన దగ్గర అది సాధ్యం కాదనడానికి కారణం లేదు. ఒంటరి రైతు కంపెనీతో బేరమాడలేడు, సంఘం ఆడగలదు.

ఓటీపీ చెప్పేముందు అడగాల్సినవి

• నా వివరాల్లో ఏవేవి తీసుకుంటున్నారు?
• ఎవరెవరికి ఇస్తారు, ఏ పనికి?
• ఎన్నాళ్లు ఉంచుకుంటారు?
• వద్దనుకుంటే ఎక్కడ, ఎలా ఆపాలి?
• తప్పు రాస్తే ఎవరు దిద్దుతారు?
• ఇవ్వకపోతే నాకు రావాల్సిన పథకం ఆగుతుందా?

ఈ ప్రశ్నలకు రైతు వేదికలోనే తెలుగులో, లంబాడీ తండాల్లో వారి భాషలో జవాబు దొరకాలి. తన వివరాలను ఎవరు, ఎప్పుడు చూశారో రైతు ఫోన్‌కు సందేశం రావాలి. కౌలుదారుకు సొంత నమోదు కావాలి. ఊరి వివరాలు ఎవరెవరికి వెళ్లాయో గ్రామసభలో ఏడాదికోసారైనా చదివి వినిపించాలి. ఇవన్నీ జరిగితే మరిపెడ రైతు నిస్సంకోచంగా తన లెక్క పంచుకుంటాడు. నమ్మకం లేనిచోట ఎంత పెద్ద ఎక్స్ఛేంజ్ కట్టినా అందులోకి చేరేది తప్పుడు లెక్కే.