జాకీ లేపడానికే.. మోయడానికి కాదు!
పాత వ్యాను కిందికి దూరే ముందు నేల, బ్రేకు, స్టాండు చూసుకోవాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల: మారుతీ వ్యాను 1984లో మార్కెట్లోకి వచ్చింది. ఆపై ఓమ్నిగా పేరు మారి, 2019లో తయారీ నిలిచిపోయింది. అయినా ఏపీ 04 నంబరు పలకలున్న పాత వ్యాన్లు ఈ మూడు పట్టణాల వీధుల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. బట్టల మూటలు, చీనీకాయల బస్తాలు, పెళ్లి బృందాలు.. దేనికైనా అదే బండి. పాతబడిన కొద్దీ చిన్న మరమ్మతులు పెరుగుతాయి. చక్రం మార్చడం, బ్రేకులు శుభ్రం చేయడం, ఆయిలు దించడం వంటి పనులను చాలామంది యజమానులు ఇంటి ముందే చేసుకుంటారు. ఖర్చు కలిసివస్తుంది, నిజమే. అయితే జాకీ మీద నిలిపిన బండి కిందికి తల దూర్చడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమే.

నాపరాతి బండపై వద్దు

జాకీ ఎంత మంచిదైనా దాని బలం నేలపైనే ఆధారపడి ఉంటుంది. ఓమ్ని ఖాళీ బరువు సుమారు 800 కిలోలు. ఒక పక్క రెండు చక్రాలూ లేస్తే దాదాపు 400 కిలోల భారం జాకీ పాదం మీద పడుతుంది. ఆ పాదం వైశాల్యం 80 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరుపై 5 కిలోల ఒత్తిడి ఉంటుంది. అదే జాకీ కింద అడుగు పొడవు, అడుగు వెడల్పు గల మందపాటి చెక్క ఉంచితే ఒత్తిడి అర కిలోకు తగ్గిపోతుంది.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాల్లో లభించే నాపరాయి పొరలు పొరలుగా చీలే సున్నపురాయి. ఇంటి ముంగిట పరచడానికి, మురుగు కాలువలపై మూతగా వేయడానికి ఈ బండలనే వాడతారు. కింద మట్టి గట్టిగా అంటి ఉన్నంత వరకు బండ బరువు మోస్తుంది. అడుగున ఖాళీ ఉంటే ఒక్కసారిగా విరుగుతుంది. కాలువ మూతపై జాకీ పెట్టడం ఎంతమాత్రం తగదు.

నల్లరేగడి నేలది మరో తీరు. వేసవిలో రాయిలా గట్టిపడి నెర్రెలిస్తుంది, వాన కురిస్తే మెత్తబడి జాకీని మింగేస్తుంది. పైకి గట్టిగా కనిపించినా లోపల నెర్రె ఉండవచ్చు. సిమెంటు గచ్చు లేదా గట్టి సమతల నేలను ఎంచుకుని, రెండంగుళాల మందం గల వేప, తుమ్మ వంటి గట్టి చెక్కను అడుగున వేసుకోవాలి. వాలుగా ఉన్న చోట ఈ పని పెట్టుకోకూడదు. ప్రొద్దుటూరు సందుల్లో వీధి కాలువ వైపు వాలి ఉంటే, బండిని మరోచోటికి తీసుకెళ్లడమే మేలు.

చేతి బ్రేకు ఒక్కటే చాలదు

ఓమ్ని ఇంజిను ముందు సీట్ల కింద ఉన్నా, నడిచేది వెనుక చక్రాలతోనే. చేతి బ్రేకు కూడా వెనుక చక్రాలనే పడుతుంది. కాబట్టి వెనుక రెండు చక్రాలూ గాలిలో ఉంటే, నేలపై మిగిలిన ముందు చక్రాలను ఆపేది ఏదీ ఉండదు. వెనుక ఒక్క చక్రమే లేచినా గేరును నమ్మరాదు. డిఫరెన్షియల్ కారణంగా లేచిన చక్రం ఎదురు తిరిగి, నేలపై ఉన్న చక్రం దొర్లే వీలుంటుంది. అప్పుడు ఆధారం చేతి బ్రేకు ఒక్కటే. పాత బండ్లలో దాని తీగ సాగి పట్టు తగ్గి ఉండవచ్చు.

అందువల్ల నేలపై ఉండే చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు గట్టిగా ఆనించాలి. గుండ్రటి రాళ్లు జారిపోతాయి. చక్రం విప్పవలసి ఉంటే, బండి నేలపై ఉండగానే నట్లను వీల్ పానాతో కాస్త వదులు చేసుకోవాలి. బండి లేచాక బలంగా తిప్పితే ఆ ఊపుకు జాకీ పక్కకు ఒరుగుతుంది.

జాకీ ఎక్కడ ఆనించాలి?

బండితో వచ్చిన పుస్తకంలో చూపిన చోటనే జాకీ పెట్టాలి. పాత వ్యాన్లలో పైకి రంగు బాగున్నా, బురద చేరిన చోట లోపలి రేకు తుప్పు పట్టి ఉంటుంది. స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడాలి. బోలు శబ్దం వచ్చినా, తుప్పు పెళ్లలు రాలినా అక్కడ భారం మోపకూడదు. ఆయిల్ ట్రే, పెట్రోలు ట్యాంకు, గ్యాస్ సిలిండరు, పైపుల కింద ఎన్నడూ జాకీ పెట్టరాదు.

ఉన్నట్టుండి ఎందుకు దిగిపోతుంది?

బండితో వచ్చే కత్తెర జాకీ మరతో పైకి లేస్తుంది. నిలువు భారాన్ని మోస్తుంది గానీ పక్క ఊపును తట్టుకోలేదు. హైడ్రాలిక్ జాకీలో భారాన్ని నూనె మోస్తుంది. లోపలి సీళ్లు అరిగినా, వాల్వులో దుమ్ము చేరినా నూనె మెల్లగా జారి బండి కిందికి దిగుతుంది. సీలు ఒక్కసారిగా తెగితే తప్పుకునే వ్యవధి కూడా ఉండదు. కొత్త జాకీకైనా ఈ సూత్రం వర్తిస్తుంది.

కనుక బండి లేచిన వెంటనే గట్టి భాగం కింద ఇనుప జాకీ స్టాండు పెట్టి, జాకీని కాస్త దించి భారమంతా స్టాండుపైకి తేవాలి. బండి బరువుకు తగిన సామర్థ్యం గల స్టాండ్లు ఎంచుకోవాలి. ముందు భాగం గానీ వెనుక భాగం గానీ మొత్తం లేపితే రెండు స్టాండ్లు తప్పనిసరి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చిట్లిపోతాయి, వాటిని వాడకూడదు. పక్కన నిలబడి బండిని చేత్తో ఊపి చూసి, కదలదని నిర్ధారించుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి. విప్పిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెడితే అదొక అదనపు రక్ష. పని ముగిసేదాకా లోపల ఎవరూ కూర్చోరాదు, పిల్లలను దరి చేరనీయరాదు.

తోడు తప్పనిసరి

ఒంటరిగా బండి కిందికి వెళ్లకూడదు. ఛాతీపై బరువు పడితే ఊపిరాడక నిమిషాల్లోనే ప్రాణం పోతుంది, కేక వేసే అవకాశమూ ఉండదు. అటువంటి ప్రమాదం జరిగితే మనిషిని లాగే ప్రయత్నం చేయరాదు. మరో జాకీతోనో, పదిమంది చేయి వేసో బండిని లేపి, కింద దిమ్మెలు పెట్టి, ఆ తరువాతే బయటకు తీయాలి. ఈలోగా ఒకరు 108కి ఫోను చేయాలి.

గేర్‌బాక్సు దించడం వంటి పనులకు ఇంటి ముంగిలి చోటు కాదు. ఆర్టీసీ డిపోల్లో బస్సు అడుగు భాగాన్ని గుంతలో నిలబడి చూస్తారు. నేలపై నిలిచిన బస్సు మీద పడే ప్రమాదం లేకపోవడమే అందులోని మర్మం. గుంతో ర్యాంపో ఉన్న షెడ్డుకు అటువంటి పనిని అప్పగించడమే క్షేమం.