82,888 మెజారిటీ రెండేళ్లు తిరక్కముందే ఏమైపోయింది? ఆత్మకూరు ఓట్ల లెక్క

ఈ ఎపిసోడ్‌లో మన ఆత్మకూరు గురించి మాట్లాడుకుందాం. ఏ పార్టీ మంచిది, ఏ పార్టీ చెడ్డది అన్న గొడవ ఇక్కడ లేదు. ఒక్క అంకెను పట్టుకుని విప్పి చూద్దాం, అంతే.

2022 జూన్ 26న ఆత్మకూరు ఉపఎన్నిక ఫలితం వచ్చింది. వైఎస్సార్‌సీపీ అభ్యర్థి మేకపాటి విక్రమ్ రెడ్డి 82,888 ఓట్ల మెజారిటీతో గెలిచారు. 2024 జూన్ 4న అదే ఆత్మకూరులో, అదే ఫ్యాన్ గుర్తు మీద, అదే విక్రమ్ రెడ్డి 7,576 ఓట్ల తేడాతో ఓడిపోయారు. మధ్యలో గడిచింది రెండేళ్లు కూడా కాదు.

మరి ఆ ఎనభై రెండు వేల మంది ఏమయ్యారు? రాత్రికి రాత్రి మనసు మార్చుకున్నారా? అసలు ఎనభై రెండు వేల మంది అనేవాళ్లు ఉన్నారా? ఇదే ఈరోజు ప్రశ్న.

ముందు మన ఏరియా తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఆత్మకూరు నియోజకవర్గంలో ఆరు మండలాలు ఉన్నాయి. ఆత్మకూరు, అనుమసముద్రంపేట, సంగం, చేజర్ల, అనంతసాగరం, మర్రిపాడు. దర్గా ఉన్న ఏఎస్ పేట అంటే ఈ అనుమసముద్రంపేటే. సోమశిల డ్యామ్ ఉండేది అనంతసాగరం మండలంలో. పక్క నియోజకవర్గం ఉదయగిరి. మొత్తం నెల్లూరు జిల్లా పడమటి వైపు.

ఉపఎన్నిక ఎందుకొచ్చింది?

2019లో ఇక్కడ గెలిచింది మేకపాటి గౌతమ్ రెడ్డి. రాష్ట్ర పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రి. 2022 ఫిబ్రవరి 21న హైదరాబాద్‌లో గుండెపోటుతో చనిపోయారు. వయసు 50 మాత్రమే. ఎమ్మెల్యే సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లోపు ఎన్నిక పెట్టాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. పదవీకాలం ఏడాది కంటే తక్కువే మిగిలి ఉంటే మాత్రం పెట్టక్కర్లేదు. ఇక్కడ రెండేళ్లకు పైగా మిగిలి ఉంది కాబట్టి జూన్ 23న పోలింగ్ పెట్టారు. గౌతమ్ రెడ్డి తమ్ముడు విక్రమ్ రెడ్డిని పార్టీ నిలబెట్టింది.

అసలు పాయింట్ ఇక్కడుంది. తెలుగుదేశం పోటీ చేయలేదు. చనిపోయిన ఎమ్మెల్యే కుటుంబం నుంచే ఎవరైనా నిలబడితే తాము అభ్యర్థిని పెట్టబోమనే పద్ధతి పాటించింది. జనసేన కూడా బరిలో లేదు. బీజేపీ మాత్రం గుండ్లపల్లి భరత్ కుమార్‌ను నిలబెట్టింది.

అంటే 2019లో రెండో స్థానంలో వచ్చిన పార్టీ గుర్తు 2022లో ఈవీఎం మీద లేనే లేదు.

ఇప్పుడు తీసివేత చేద్దాం

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేసి నాతో పాటు కొట్టండి.

2019లో గౌతమ్ రెడ్డికి 92,758 ఓట్లు. టీడీపీ అభ్యర్థి బొల్లినేని కృష్ణయ్యకు 70,482. తేడా 22,276.

2022లో విక్రమ్ రెడ్డికి 1,02,241 ఓట్లు. బీజేపీ అభ్యర్థికి 19,353. తేడా 82,888.

మెజారిటీ ఎంత పెరిగింది? 60,612. వినడానికి సునామీలా ఉంది కదా. కానీ గెలిచినాయనకు అన్న కంటే ఎక్కువ వచ్చిన ఓట్లు ఎన్నో చూడండి. 1,02,241 లోంచి 92,758 తీసేస్తే 9,483. అంతే!

మిగతా 51,129 ఎక్కడి నుంచి వచ్చింది? రెండో స్థానం వాళ్ల అంకె 70,482 నుంచి 19,353కి పడిపోవడం వల్ల వచ్చింది. అంటే పెరిగిన మెజారిటీలో ఆరింట ఐదు వంతులు అవతల గట్టి పోటీదారు లేకపోవడం వల్ల వచ్చినవే.

గెలుపు గెలుపే, దాన్ని ఎవరూ కాదనట్లేదు. లక్ష ఓట్లు దాటడం చిన్న విషయమూ కాదు. కానీ మెజారిటీ అనేది మనుషుల లెక్క కాదు ఫ్రెండ్స్, అది తీసివేత. మొదటి స్థానం ఓట్లలోంచి రెండో స్థానం ఓట్లు తీసేస్తే మిగిలేది. రెండో స్థానం ఖాళీగా ఉంటే మిగిలేది పెద్దదిగానే ఉంటుంది.

ఇంట్లో ఉండిపోయినవాళ్లు

ఇంకో లెక్క కూడా చూడాలి. 2019లో ఆ ఇద్దరు అభ్యర్థుల ఓట్లు కలిపితేనే 1,63,240. 2022లో బరిలో ఉన్నవాళ్లందరి ఓట్లూ కలిపినా దాదాపు 1,37,000. పోలింగ్ 64 శాతం దగ్గర ఆగింది. అప్పటి ఓటర్ల లిస్టులో 2 లక్షల 13 వేలకు పైగా పేర్లున్నాయి. అంటే దాదాపు 76 వేల మంది బూత్ వైపే రాలేదు.

ఎందుకు రాలేదు? ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఉంటుంది. తన పార్టీ గుర్తు లేదని రానివాళ్లు ఉంటారు. ఎలాగూ గెలిచేది ఎవరో తెలుసు కదా అని రానివాళ్లు ఉంటారు. బెంగళూరులోనో చెన్నైలోనో పనిలో ఉండి, ఒక్క రోజు కోసం బస్సు చార్జీ ఎందుకని ఆగిపోయినవాళ్లు ఉంటారు. బయట పనిచేసే మామూలు ఉద్యోగికి, కూలీకి పోస్టల్ బ్యాలెట్ సౌకర్యం లేదు. ఊరికి వచ్చి వేస్తేనే ఓటు.

రానివాళ్ల అభిప్రాయం మెజారిటీ అంకెలో ఎక్కడా కనపడదు. కానీ వాళ్లు ఎక్కడికీ పోలేదు, లిస్టులోనే ఉన్నారు.

2024లో ఏం జరిగింది?

ఈసారి టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి కట్టాయి. ఆత్మకూరులో టీడీపీ నుంచి ఆనం రామనారాయణ రెడ్డి నిలబడ్డారు. ఆయన ఇక్కడికి కొత్త కాదు, 2009లో కాంగ్రెస్ తరఫున ఇదే సీటు గెలిచారు. 2019లో వెంకటగిరి నుంచి వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యే అయ్యారు. 2023లో ఎమ్మెల్సీ ఎన్నికల తర్వాత ఆ పార్టీ ఆయన్ని సస్పెండ్ చేసింది. పక్కన ఉదయగిరి ఎమ్మెల్యే మేకపాటి చంద్రశేఖర్ రెడ్డిదీ అప్పుడు అదే పరిస్థితి.

ఫలితం: ఆనంకు 91,165, విక్రమ్ రెడ్డికి 83,589. తేడా 7,576.

2022తో పోల్చి "తొంభై వేల ఓట్లు అటు నుంచి ఇటు తిరిగాయి" అంటే అది తప్పు లెక్క. సరైన పోలిక గట్టి పోటీ ఉన్న 2019తో. అప్పటికీ ఇప్పటికీ వైఎస్సార్‌సీపీకి తగ్గింది 9,169. టీడీపీకి పెరిగింది 20,683. రెండూ కలిపితే 29,852. అసలు మార్పు ఇంత. ఇది కూడా చిన్న మార్పేం కాదు. ఆ ఏడాది గాలి రాష్ట్రమంతా ఒకవైపే వీచింది, 175లో 164 సీట్లు కూటమికి వచ్చాయి. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 2019లో పదికి పది వైఎస్సార్‌సీపీవి, 2024లో పదికి పది టీడీపీవి. ఉదయగిరి కూడా అందులోదే.

అయితే పెద్ద మెజారిటీ వస్తే తర్వాత ఓడిపోతారా?

అలా కూడా కాదు. కడప జిల్లా బద్వేలు చూడండి. 2021లో అక్కడా ఎమ్మెల్యే చనిపోతే ఉపఎన్నిక వచ్చింది. ఆయన భార్య దాసరి సుధ నిలబడ్డారు, టీడీపీ, జనసేన పోటీ చేయలేదు. 90,533 మెజారిటీ వచ్చింది. అంటే ఆత్మకూరు కంటే ఎక్కువ. 2024లో గట్టి పోటీ వచ్చినా ఆమె మళ్లీ గెలిచారు, మెజారిటీ మాత్రం బాగా తగ్గింది. ఒకే రకం ఉపఎన్నికలు, తర్వాత రెండు రకాల ఫలితాలు. కాబట్టి పోటీ లేని ఎన్నికలో వచ్చిన అంకె రేపటి గురించి ఏమీ చెప్పదు. గెలుపనీ చెప్పదు, ఓటమనీ చెప్పదు.

మరి ఇందులో మనకేంటి?

"నా ఒక్క ఓటుతో ఏమవుద్ది?" అని ప్రతి ఊళ్లో వింటాం. 82,888 లాంటి అంకె చూసినప్పుడు ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఇప్పుడు 7,576 చూడండి. అటు వేసినవాళ్లలో 3,789 మంది ఇటు వేసి ఉంటే ఫలితం తారుమారయ్యేది. ఆరు మండలాలకు పంచితే మండలానికి సగటున 630 మంది. ఒక్క ఏఎస్ పేట మండలం నుంచి బయట పనులకు వెళ్లిన కుర్రాళ్లు ఎంతమందో మీరే లెక్కేసుకోండి.

ఇంకో సంగతి. ఎదురు నిలబడేవాళ్లు లేని ఎన్నికలో ఓటరు దగ్గరికి వచ్చి బతిమాలే అవసరం ఎవరికీ ఉండదు. నీళ్లు, రోడ్డు, బస్సు గురించి నిలదీసి అడిగే చాన్స్ పోటీ ఉన్నప్పుడే దొరుకుతుంది. పోటీ లేకపోతే నష్టపోయేది ఓడిన పార్టీ ఒక్కటే కాదు, మనం కూడా.

చివరగా మూడు పనులు చెప్తాను, మూడూ ఫోన్‌లోనే అయిపోతాయి. ఒకటి, 18 నిండితే ఫారం 6 నింపండి. ఏడాదికి నాలుగు తేదీల లెక్క ఉంది: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. 17 దాటినవాళ్లు ముందే అప్లై చేసుకోవచ్చు. రెండు, ఇప్పటికే ఓటు ఉంటే లిస్టులో పేరు ఉందో లేదో చూసుకోండి. ఇల్లు మారితే ఫారం 8. మూడు, ఫారం 20 అని ఒకటుంటుంది, అందులో ప్రతి బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. మీ ఊరి బూత్ నంబర్ వెతికి, ఎన్నికకీ ఎన్నికకీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఈసారి ఎవరైనా "మావాడికి ఇంత మెజారిటీ" అని స్టేటస్ పెడితే ఒక్క ప్రశ్న అడగండి: రెండో స్థానంలో ఎవరున్నారు, ఎంతమంది ఓటేశారు? మిగతా లెక్క మీ క్యాలిక్యులేటరే చెప్తుంది. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.