విద్యార్థి చేతిలో విల్లు

జ్ఞానార్జనలో నిమగ్నుడైన వ్యక్తికి ఆటలతో పనేమిటన్న ప్రశ్న తరచుగా వినవస్తుంది. ఉన్నత విద్య అభ్యసించే యువకుడు సాయంకాలం ఒక గంట మైదానంలో గడిపితే, ఆ గంట చదువుకు నష్టమని తలచే తల్లిదండ్రులున్నారు. అదే తలంపుతో తన శరీరాన్ని పూర్తిగా నిర్లక్ష్యం చేసే విద్యార్థులూ ఉన్నారు. ఇస్లామీయ విద్యా చరిత్రలో విలువిద్యకు గల స్థానాన్ని పరిశీలిస్తే ఈ ప్రశ్నకు చక్కని సమాధానం లభిస్తుంది.

దైవప్రవక్త (స) విలువిద్యను ఎంతగానో ప్రోత్సహించారు. ఒకసారి అస్లమ్ తెగవారు బాణాలు వేస్తూ పోటీపడుతుండగా ఆయన అటుగా వెళ్ళారు. వారి మూలపురుషుడైన హజ్రత్ ఇస్మాయీల్ (అలై) విలుకాడని గుర్తుచేసి, తాను ఒక పక్షం వైపు ఉన్నానన్నారు. అది విని రెండవ పక్షం వారు బాణాలు వేయడం ఆపివేశారు. దైవప్రవక్త (స) ఎదుటి పక్షాన ఉండగా పోటీపడటానికి వారికి మనసు రాలేదు. అప్పుడాయన తాను అందరి పక్షాన ఉన్నానని చెప్పి ఆట కొనసాగింపజేశారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) వృద్ధాప్యంలో కూడా రెండు గురుల మధ్య నడుస్తూ సాధన చేసేవారు. ఈ వయసులో ఇంత శ్రమ ఎందుకని ఒకరు అడుగగా, నేర్చిన విలువిద్యను విడిచిపెట్టడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా గర్హించారని ఆయన సమాధానమిచ్చినట్లు సహీహ్ ముస్లిం తెలుపుతున్నది.

ఈ అభిరుచి విద్వాంసులలోనూ కొనసాగింది. ఇమామ్ షాఫయీ (రహ్మలై) హిజ్రీ 150లో గాజాలో జన్మించి మక్కాలో పెరిగారు. తన మనసు రెండింటి మీదనే లగ్నమై ఉండేదని, ఒకటి విలువిద్య, రెండవది జ్ఞానార్జన అని ఆయన చెప్పుకున్నారు. పది బాణాలు వేస్తే పదీ గురికి తగిలేవట. జ్ఞానం విషయంలో మాత్రం తనను గూర్చి ఏమీ చెప్పక ఊరుకున్నారు. విన్న శిష్యుడు, మీరు విలువిద్యలో కన్నా జ్ఞానంలోనే అధికులని అన్నాడు. అయితే ఎండలో గంటల తరబడి నిలబడినందువల్ల క్షయ సోకగలదని వైద్యుడు ఆయనను హెచ్చరించిన విషయం కూడా ఉల్లేఖించబడింది. ఎంత మేలైన అభిరుచికైనా మితం అవసరమని దీనివలన బోధపడుతుంది.

ఇమామ్ బుఖారీ (రహ్మలై) జీవితంలోని ఒక సంఘటన ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆయన తరచుగా గుర్రమెక్కి విలువిద్య సాధనకు వెళ్ళేవారు. తన సుదీర్ఘ సహవాసంలో ఆయన గురి తప్పడం రెండుసార్లే చూశానని ఆయన లేఖకుడు ముహమ్మద్ బిన్ అబీ హాతిమ్ తెలిపాడు. ఒకనాడు ఫిరబ్ర్ పట్టణం వద్ద ఆయన బాణం నదిపైనున్న వంతెన మేకుకు తగిలి అది చీలిపోయింది. వెంటనే ఆయన గుర్రం దిగి, బాణాన్ని ఊడదీసి, ఆనాటి సాధన మానివేశారు. వంతెన యజమాని వద్దకు లేఖకుణ్ణి పంపి, కొత్త మేకు అమర్చడానికి అనుమతించమని, లేదా దాని వెల తీసుకొని తమను క్షమించమని కోరారు. యజమాని సలాం పంపి, సంతోషంగా మన్నించాడు. ఆ కబురు విన్న ఇమామ్ ముఖం వికసించింది. ఆ రోజు ఆయన పరదేశీ విద్యార్థులకు 500 హదీసులు వినిపించి, 300 దిర్హములు దానం చేశారు.

విల్లు కూడా ఒక గురువే. ఆ కాలపు విల్లును కొయ్య, కొమ్ము, పశువుల నరాలు జిగురుతో అతికించి తయారుచేసేవారు. నారిని బొటనవ్రేలికి ఉంగరం తొడిగి లాగేవారు. శిష్యుడు మెత్తని వింటితో, దగ్గరి గురితో మొదలుపెట్టి క్రమంగా బరువైన వింటికి చేరుకునేవాడు. తొందరపడితే చేయి వణుకుతుంది, మనసు చెదిరితే బాణం తప్పుతుంది. 14వ శతాబ్దంలో మమ్లూకుల రాజ్యంలో తైబుఘా రచించిన విలువిద్యా గ్రంథం పేరు ‘గున్యతుత్ తుల్లాబ్’. తుల్లాబ్ అనగా విద్యార్థులు. ఇస్తాంబుల్‌లోని ఓక్ మైదానంలో గురువు శిష్యునికి విలుకాడుగా అనుమతి ఇచ్చే పద్ధతికి ‘ఇజాజత్’ అనే పేరుండేది. హదీసు బోధించడానికి ఇచ్చే అనుమతికీ దాదాపు అదే పేరు!

ఈ అభిరుచికి హద్దులు కూడా విధించబడ్డాయి. ప్రాణమున్న జీవిని కట్టి గురిగా చేసుకోవడం నిషిద్ధం. మస్జిదులో గాని, బజారులో గాని బాణాలతో నడిచేవాడు ఎవరికీ గాయం కాకుండా వాటి మొనలను పట్టుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు.

నేటి పరిశోధక విద్యార్థి రోజంతా పుస్తకాల ముందు వంగి కూర్చుంటాడు. వాని వీపుకు, కంటికి, మనసుకు విల్లు మేలు చేయగలదు. కాని ఇమామ్ బుఖారీ గొప్పదనం గురి తప్పకపోవడంలో మాత్రమే లేదు. తన ఆట వలన ఇతరుల మేకు ఒక్కటి చీలినా ఆయన మనసు కలత చెందింది. తన సంతోషం కోసం ఇతరుల హక్కును భంగపరచని వినోదమే విద్యార్థికి శోభనిస్తుంది.